ఏసీకి స్టార్లున్నాయి, శ్లాబుకు ఏముంది?

2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్ లాల్ ఖట్టర్, ఏసీలు 20 డిగ్రీల కంటే కిందికి పోకుండా కట్టడి చేస్తామన్నారు. సోషల్ మీడియా గోల గోల అయింది. అంతకుముందే, 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలన్న రూల్ ఉంది. స్టార్ల లేబుల్ సంగతి సరేసరి. యంత్రం మీద ఇన్ని రూల్స్ రాసినవాళ్లు, ఆ యంత్రం రాత్రంతా దేనితో కుస్తీ పడుతోందో చూడలేదు. చెన్నైలో టాప్ ఫ్లోర్‌లో అద్దెకున్న ఏ నెల్లూరు కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు: నెత్తిమీదున్న శ్లాబుతో.

ఐదారు అంగుళాల కాంక్రీటు మధ్యాహ్నం మింగిన వేడి, గంటల తర్వాత గానీ కింద గదిలోకి దిగదు. అందుకే బయట సముద్రపు గాలి తిరిగి, వీధిలో జనం హాయిగా నడిచే రాత్రి తొమ్మిది, పదింటికి పై అంతస్తులో పరుపు కూడా వెచ్చగా తగులుతుంది. ఫ్యాన్ వేస్తే సీలింగ్ దగ్గరి వేడి గాలినే కిందికి తోస్తుంది. ఏసీ గాలిని చల్లబరుస్తుంది గానీ, పైనుంచి మొహం మీదికి కొట్టే సెగను ఆపలేదు. 24లో పెట్టినా ఒంటికి 28లా ఉంటుంది, చెయ్యి రిమోట్ మీదికి పోతుంది, 18 అవుతుంది. రెండు నెలల వాడకం 500 యూనిట్లు దాటితే కరెంటు టారిఫ్ పట్టికే మారిపోయే రాష్ట్రం తమిళనాడు. మంత్రిగారేమో రిమోట్‌ను కట్టేస్తానన్నారు.

ఇళ్లకు రూల్స్ లేకపోలేదు. 2018 డిసెంబరులో, ఇంధన పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ, ఇళ్లకు ఎకో నివాస్ సంహిత అనే నియమావళి తెచ్చింది. అందులో పైకప్పుకు హద్దు ఉంది: యూ విలువ 1.2 దాటకూడదు. అంటే లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదు. పైన ఏమీ వేయని మామూలు శ్లాబుకు ఇది 3 దాటుతుంది. మంచి హద్దే. కానీ ఎవరికి? 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలంలో కట్టే కొత్త నివాస భవనాలకు. చెన్నైలో స్థలం లెక్క గ్రౌండ్లలో. గ్రౌండంటే 2400 చదరపు అడుగులు, అంటే 223 చదరపు మీటర్లు. రెండు గ్రౌండ్లున్నవాడి గడప కూడా ఈ సంహిత తొక్కదు. ఇక వ్యాసర్పాడిలో, పెరంబూరులో అర గ్రౌండులో మూడంతస్తులు లేపినవాళ్ల మాట చెప్పేదేముంది? హైదరాబాదూ తక్కువ తినలేదు. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ, ఎండను తిప్పికొట్టే పైకప్పు నివాసాల్లో 600 గజాలు, ఆపైన స్థలాలకే తప్పనిసరి అంది. లెక్కేసి చూడండి, 600 గజాలంటే మళ్లీ అదే 500 చదరపు మీటర్లు. ఎండ మాత్రం గజాలు కొలిచి కాయదు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఈ హద్దు అందుకోవడానికి కొత్త టెక్నాలజీ ఏదీ అక్కర్లేదు. వేడిని ఆపే ఎక్స్‌పీఎస్ లాంటి ఫోమ్ బోర్డు ఒక్క అంగుళం మందంలో సరిగ్గా పరిస్తే, పాత శ్లాబు కూడా 1.2 కిందికి దిగిపోతుంది. ఒక్క అంగుళం! చెన్నైలో ఒకప్పుడు టేకు దూలాల మీద ఇటుకల్ని అంచున నిలిపి పేర్చి, పైన ఇటుక ముక్కల జల్లి, కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపిన సున్నంతో కొట్టి మద్రాసు టెర్రస్ వేసేవాళ్లు. ఆ రోజులు తిరిగి రావాలని పాట పాడేవాళ్లలో నేను లేను. కానీ శ్లాబు పడ్డాక కూడా దాని మీద అదే ఇటుక జల్లి, సున్నంతో వెదరింగ్ కోర్స్ అనే ఎండావానల్ని కాచే పొర వేయడం ఇక్కడి మేస్త్రీలకు చేతనైన పనే. ఖర్చు తగ్గించుకునే బిల్డర్లు ఆ పొరను పలచని సిమెంటు పూతగా, దాని మీద నాలుగు టైల్స్‌గా మార్చేశారు.

పాత ఇంటి మీద ఇన్సులేషన్ పని సరిగ్గా చేయాలంటే ఒక వరస ఉంది. ముందు పగుళ్లు పూడ్చాలి. వాటర్‌ప్రూఫింగ్ చేసి, టెర్రస్ మీద నీళ్లు కట్టి నిలబెట్టి, కింద చెమ్మ దిగుతోందా చూడాలి. ఆ తర్వాతే బోర్డు. దానిపైన వాన నీళ్లు పైపు వైపు జారేలా వాలుతో పూత, ఆపైన టైల్స్. ఈ వరసలో ఒకటి తప్పినా అక్టోబరు, నవంబరు వానలకు నీళ్లు బోర్డు కిందికి చేరతాయి. పైనున్న పొరలు వాటిని ఆరనివ్వవు. లోపల ఇనుము తుప్పు పడుతుంది, కొన్నేళ్లకు సీలింగ్ పెచ్చులూడుతుంది. ఈ వరసను తప్పనిసరి అని చెప్పే కాగితం ఏది? పని అయ్యాక వచ్చి చూసే మనిషెవరు? ఉన్నదల్లా విజిటింగ్ కార్డు మీద ‘పదేళ్ల గ్యారంటీ’. కూలింగ్ పెయింటూ అంతే. కొత్తలో తెల్లగా ఎండను తిప్పికొడుతుంది. దుమ్ము పట్టేకొద్దీ ఆ గుణం పోతుంది. ఎప్పుడు కడగాలో, ఎప్పుడు మళ్లీ వేయాలో ఓనరుకు చెప్పేవాళ్లు లేరు.

రూల్ రాసేస్తే పనైపోతుందని కూడా అనను. బ్రిటన్‌లో పాత ఇళ్లకు ఇన్సులేషన్ లాంటివి చేర్చే పనికి, అంటే రెట్రోఫిట్‌కు, 2019లోనే పీఏఎస్ 2035 అనే ప్రమాణం వచ్చింది. గాలి ఆడే ఏర్పాటు సంగతి కూడా చూడాలని అందులో ఉంది. అయినా 2025 అక్టోబరులో అక్కడి ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే నేషనల్ ఆడిట్ ఆఫీస్ తేల్చిందేమిటంటే, ప్రభుత్వ పథకాల కింద బయటి గోడలకు ఇన్సులేషన్ వేసిన ఇళ్లలో 98 శాతం ఇళ్లకు సరిచేయాల్సిన పెద్ద లోపాలున్నాయి. పట్టించుకోకపోతే చెమ్మ, బూజు పట్టే లోపాలవి. రాసినవాడు ఒకడు, చేసినవాడు ఒకడు, సర్టిఫికెట్ ఇచ్చినవాడు ఇంకొకడు.

పైగా వాళ్లది చలిదేశం. అక్కడ తడి లోపల పుట్టి బయటి చల్లని గోడకు తగులుతుంది. చెన్నైలో తడి బయటి గాలిలోనే ఉంది, లోపల ఏసీ చల్లబరిచిన గోడకు తగులుతుంది. కాబట్టి సందులన్నీ బిగించేయండి అనే విదేశీ పుస్తకాన్ని ఇక్కడికి మోసుకొస్తే కొంప మునుగుతుంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో గాలినే తిప్పి తిప్పి ఇస్తుంది. తలుపులు మూసి నలుగురు పడుకుంటే తెల్లారేసరికి తల బరువెక్కడం అందుకే. సంహిత ఈ విషయం గుర్తించింది. చెన్నై లాంటి ఉక్కపోత ప్రాంతాల్లో తెరుచుకునే భాగం నేల వైశాల్యంలో 16.66 శాతం, అంటే ఆరో వంతు ఉండాలంది. ఇల్లు మొత్తానికి వేసే లెక్కే అయినా ఒక గదిలో చూద్దాం. 10కి 12 అడుగుల గదికి 20 చదరపు అడుగులు తెరుచుకోవాలి. మన ఇళ్లలో ఉండేది నాలుగడుగుల చదరం స్లైడింగ్ కిటికీ. అందులో తెరుచుకునేది సగం, ఎనిమిది చదరపు అడుగులు. అదీ ఎప్పుడూ తెరవం, దోమలు! దోమతెర గురించి ఒక్క మాట లేని వెంటిలేషన్ రూల్ చెన్నైలో చిత్తు కాగితమే. పాత ఇళ్లలో గోడ పైభాగాన వెంటిలేటర్లుండేవి. ఏసీ పెట్టిన రోజే వాటికి థర్మకోల్ ముక్క కొట్టి మూసేశాం.

పాత ఇళ్ల పైకప్పులకూ హద్దు పెట్టాలంటే వచ్చే ఎదురు వాదన నాకు తెలుసు. ఖర్చంతా అద్దెల మీద పడుతుంది, ఇన్‌స్పెక్టర్లకు మామూళ్లు దండుకునే ఇంకో దారి దొరుకుతుంది, ఉన్న ఇళ్లను తవ్వమనే హక్కు ప్రభుత్వానికెక్కడిది అంటారు. మామూళ్ల భయం నిజమే. మిగతా రెండింటికీ ఇదే ఊరు జవాబు చెప్పి చాలాకాలమైంది.

2003 మే 31న చెన్నై నుంగంబాక్కంలో 45 డిగ్రీలు కాసింది. ఆ ఏడాదే జయలలిత ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వాన నీటి గుంతలు కొత్త ఇళ్లతో పాటు పాత ఇళ్లకూ తప్పనిసరి చేసింది. కట్టకపోతే కుళాయి కనెక్షన్ తీసేస్తామంది. అందరూ సరిగ్గా కట్టారని కాదు, కంటితుడుపు గుంతలూ బోలెడు. కానీ పాత ఇంటి ఓనరు కూడా పైపు దించాడు. కట్టేసి ఉన్న ఇళ్లను మార్పించిన అనుభవం చెన్నైకి ఉన్నంతగా దేశంలో ఇంకే మహానగరానికీ లేదని నా నమ్మకం. నేల కిందికి నీళ్లు దించమని చెప్పగలిగిన ప్రభుత్వానికి, ఇంట్లోకి వేడి దించొద్దని చెప్పడానికి నోరెందుకు రాదు?

నా అనుమానం ఒకటే. నీటి కరువు ఓనరుకూ తగిలింది. శ్లాబు వేడి తగిలేది అద్దెకున్నవాళ్లకు. ఓనరు కింది అంతస్తులో ఉంటాడు, పైన కాలే ఇంటికి అద్దె తీసుకుంటాడు. చాలాచోట్ల సబ్ మీటరు పెట్టి కరెంటుకు యూనిట్‌కు తనకు తోచిన రేటు కూడా వేస్తాడు. ఇన్సులేషన్ ఖర్చు ఆయనది, లాభం వేరేవాళ్లది. ఇక ఆయనకు పట్టేదేముంది? షోలింగనల్లూరులో, పెరుంగుడిలో ముగ్గురు నలుగురు కలిసి టాప్ ఫ్లోర్ తీసుకునే మన పిల్లలకు, 11 నెలల అగ్రిమెంటు మీద ఉన్న ఇంటి పైకప్పు గురించి అడిగే ధైర్యమూ లేదు. వాళ్లకు ఇక్కడ ఓటూ ఉండదు. 2024లో తమిళనాడు వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. ఎండదెబ్బకు చనిపోతే కుటుంబానికి 4 లక్షలు. పోయాక ఇచ్చే డబ్బుకు జీవో ఉంది, బతికుండగా పడుకునే గదికి లేదు.

చేయాల్సింది కొత్త చట్టం కూడా కాదు. 2017 నాటి తమిళనాడు అద్దె చట్టంలో ఎవరి మరమ్మతు ఎవరిదో చెప్పే షెడ్యూలు ఉంది. గోడల సున్నం, పైపులు, వైరింగ్ ఓనరు పని. కుళాయి వాషరు అద్దెకున్నవాళ్ల పని. ఓనరు జాబితాలో పైకప్పు ఇన్సులేషన్, వెంటిలేటరు, దోమతెర కిటికీ అని ఒక వరస చేర్చాలి. ఎన్ని గ్రౌండ్లన్న ప్రశ్న లేకుండా అద్దెకిచ్చే ప్రతి టాప్ ఫ్లోర్‌కూ 1.2 హద్దు వర్తించాలి. రెంట్ అథారిటీ దగ్గర అగ్రిమెంటు నమోదు చేసేటప్పుడే పని ఎప్పుడు జరిగింది, ఎవరు చేశారు, నీళ్లు కట్టి చూశారా అన్నది రాయించాలి. ఓనరు కదలకపోతే అద్దెకున్నవాళ్లే చేయించుకుని, ఆ ఖర్చును నెలనెలా అద్దెలోంచి తగ్గించుకునే వీలుండాలి.