రక్తం కనపడకుండా తల నరకడం ఎలా?

పిల్లలకు హింస చూపించకూడదని గట్టిగా నమ్మేవాణ్ణి నేను. అందుకే కార్టూన్‌లో ఎలుక పిల్లి నెత్తిన సుత్తితో మోదగానే టీవీ కట్టేస్తాను. ఆ లేత మనసు కుదుటపడాలని ఓ భక్తి కథ చెబుతాను. కన్నకొడుకును ఏనుగులతో తొక్కించి, పాములతో కరిపించి, విషం పెట్టించి, కొండ మీంచి తోయించిన తండ్రి, చివరికి గడప మీద పొట్ట చీలి పేగులు బయటపడి చచ్చిన కథ. మా ఆరేళ్ల పాప హాయిగా నిద్రపోతుంది. పోవాలి.

పిల్లల పుస్తకాలకు బొమ్మలేసేవాళ్లది మామూలు విద్య కాదు. బైబిల్లోని నోవహు కథలో ఓడ ఎక్కిన మనుషులు 8 మంది, మిగతా లోకమంతా జలసమాధి. అట్ట మీద మాత్రం జిరాఫీ మెడ సాచి నవ్వుతుంటుంది, పైన ఇంద్రధనుస్సు. అదే బైబిల్లో కుర్ర దావీదు వడిసెల రాయి భారీకాయుడు గొల్యాతు నుదుట తగలగానే కథ కంచికి. ఆ తర్వాత గొల్యాతు కత్తితోనే గొల్యాతు తల తెగిన సంగతికి పేజీ చాలలేదు కాబోలు. ఎలీషా ప్రవక్తను ‘బోడివాడా’ అని వెక్కిరించిన పిల్లల్లో 42 మందిని రెండు ఎలుగుబంట్లు చీల్చేశాయి. ఈ కథ బొమ్మల పుస్తకంగా నా కంటపడలేదు. ఎలుగుబంటి బొమ్మంటే పిల్లలకు ప్రాణమే, పాపం.

చిక్కంతా వినేవాళ్లతోనే. మొన్న వినాయకుడి కథ చెప్పాను. తండ్రి తల నరికాడు, తల్లి ఏడ్చింది, ఏనుగు తల అతికించారు, అందరూ సంతోషించారు, ఇక పడుకో అన్నాను.

“మరి ఏనుగుకి ఏ తల అతికించారు నాన్నా?”

అది గజాసురుడి తలమ్మా, పూజలందుకోవాలని వాడే కోరుకున్నాడు అన్నాను.

“వాడెలా చచ్చిపోయాడు?”

గంగిరెద్దు కొమ్ములతో పొట్ట చీల్చిందని చెప్పక తప్పలేదు. ఒక తల లెక్క తేల్చబోతే ఇంకో శవం తేలింది. గంగిరెద్దు మేళం ఎవరిది, పొట్ట లోపల ఎవరున్నారు అంటూ అర్ధరాత్రి దాకా విచారణ సాగింది.

చివరికి కార్టూనే పెట్టమంది. అందులో పిల్లి మళ్లీ లేస్తుందట. హింస తప్పని నచ్చజెప్పి రిమోట్ దాచేశాను.

రేపటికి పరశురాముడి కథ అనుకుంటున్నాను. తండ్రి మాట జవదాటని కొడుకు కథ. అది చెప్పేటప్పుడు మాత్రం వాళ్లమ్మ పక్కన లేకుండా చూసుకోవాలి.