బెల్లం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బెల్లం గారికి, మూడు నెలలుగా తమరిని నమ్ముకున్న షుగర్ పేషెంటు నమస్కరించి రాయునది.

ఈ ఉదయం పరగడుపున రక్తమిచ్చి, రెండు ఇడ్లీలు తిని, తమరి బంకులో ఓ బెల్లం టీ తాగి, రెండు గంటలు ల్యాబు బయట ఇనుప కుర్చీలో కూర్చున్నాను. 268 వచ్చింది. "ఏం తిన్నారండీ?" అన్నాడు సూది గుచ్చిన కుర్రాడు. చెప్పాను. "బెల్లమేగా" అని కూడా అన్నాను. వాడు నవ్వు ఆపుకున్న తీరు తమరు చూసి తీరాల్సింది.

డాక్టరుగారి ముందు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7.2 నుంచి 8.6 శాతానికి ఎక్కింది మరి. ఇడ్లీకీ చీవాట్లు పడ్డాయి. నాలిక్కి తియ్యగా లేకపోయినా పిండిపదార్థమంతా గ్లూకోజు గొలుసేనట. సరే, ఇడ్లీ ఏనాడూ తాను మందునని చెప్పుకోలేదు. తమరు ఫ్లెక్సీ కట్టించుకున్నారు: "షుగర్ ఉన్నవారు కూడా నిర్భయంగా తాగవచ్చు." ఆ 'నిర్భయంగా' దగ్గరే నేను పడిపోయాను.

పంచదారలో ఉన్న సుక్రోజే తమరిలోనూ సింహభాగం. పేగుల్లోకి వెళ్లాక అది గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడిపోతుంది. తమరి ముడి రంగూ చెరకు వాసనా అక్కడ ఎవడిక్కావాలి? ఐరన్ అంటారా, కప్పులో పడే చెంచాడు బెల్లంలో కంటే నేను కూర్చున్న కుర్చీ తుప్పులో ఎక్కువుంది. పైగా పంచదారంత తీపి పట్టరు కాబట్టి, ఒక చెంచా చోట రెండు వేయించుకుంటారు. పొయ్యి మీదుండగా వేస్తే పాలు విరగ్గొడతారని, దించాకే వేసి అంత మర్యాద చేస్తే, ఒంట్లోకొచ్చి చేసిన నిర్వాకం ఇదా?

తేనె, తాటిబెల్లం, ఆ చుట్టాలకి వేరే ఉత్తరం రాస్తాను.

అసలు నీకేం తక్కువని ఈ డాక్టరు వేషం? అనకాపల్లిలో అంత పెద్ద మార్కెట్టు. మేడారంలో నిలువెత్తు తూకమేసి నిన్ను బంగారం అంటారు. ఉగాదికి వేపపువ్వు చేదుని మోసేది నువ్వే. తీపివి, తీపిలా ఉండొచ్చుగా! పంచదార టీ రోజుకి ఒక్కటే అని లెక్కపెట్టుకు తాగినవాణ్ణి, నీ భరోసాతో నాలుగు కప్పులకి ఎగబాకాను కదరా, దొంగమొహమా!

డబ్బా అటకెక్కించాను. సంక్రాంతికే దించేది. ఒక్కటే అరిసె తింటాను. అందులో నువ్వులు ఎక్కువుండాలి, నువ్వు తక్కువుండాలి.

అలాగైతే పాకం కుదరదంటోంది మా ఆవిడ.