ఎన్‌ఏడీ ఎనిమిది మందికి ఊళ్లో చోటేది?

2016 జులై 22 ఉదయం తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరిన వాయుసేన ఏఎన్‌-32 విమానం బంగాళాఖాతం మీద జాడ లేకుండా పోయింది. అందులో ఉన్నది 29 మంది. వారిలో 8 మంది మన విశాఖలోని నౌకాదళ ఆయుధాల డిపో, నేవల్‌ ఆర్మమెంట్‌ డిపో (ఎన్‌ఏడీ)లో పనిచేసే సివిలియన్లు. రెండు నెలలు తిరక్కుండానే అందరూ చనిపోయినట్టే భావించాలని వాయుసేన తేల్చింది. శకలాలు మాత్రం 2024 జనవరిలో గానీ బయటపడలేదు. చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరాన, 3,400 మీటర్ల లోతున ఉన్నాయవి.

అంత లోతులో వెతకడం తేలిక కాదు. విమానం జాడ చెప్పేందుకు నీటిలో పడ్డాక కూతపెట్టే పరికరాలు, అంటే లొకేటర్‌ బీకన్లు, పాతరకమైతే 30 రోజులే పనిచేస్తాయి. ఆ కూత రెండు మూడు కిలోమీటర్లు దాటి వినిపించడం కష్టం. ఇక మిగిలేది సముద్రపు అడుగును సోనార్‌తో, అంటే ధ్వని తరంగాలతో, జల్లెడ పట్టడమే. చివరికి జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) వారి మానవరహిత జలాంతర వాహనం దిగాకే ఫొటోలు వచ్చాయి.

ఒడ్డున ఉన్నవాళ్లకు కష్టం కాగితాలతో. జాడ తెలియని ప్రభుత్వోద్యోగి కుటుంబం పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు నమోదు చేయించి, వెతికినా ఆచూకీ లేదన్న పోలీసు నివేదిక తెచ్చుకుని, మనిషి తిరిగొస్తే తీసుకున్న సొమ్ము లెక్కకు బాధ్యత మాదేనని ఇండెమ్నిటీ బాండు రాసిస్తే, ఆరు నెలల తర్వాత ఫ్యామిలీ పెన్షన్‌ అందుతుంది. మరణ ప్రకటన గానీ మరో రుజువు గానీ లేనప్పుడు చట్టం ఏడేళ్లు ఆగమంటుంది. ఆ ఏడేళ్ల తర్వాత కూడా మనిషి లేడని భావిస్తుందే తప్ప ఎప్పుడు పోయాడో చెప్పదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఈలోగా ఆ మనిషి జీవిత బీమాకు ప్రీమియం కట్టడం ఆపితే పాలసీ ల్యాప్స్‌ అయి బీమా సొమ్ము చేజారుతుంది. ఎంత భారమైనా ప్రీమియం ఆపకూడదు. మన ఆచారమైతే పన్నెండేళ్లు ఎదురుచూసి, దర్భలతో బొమ్మ చేసి దహనం చేయమంటుంది. చట్టం ఒక గడువు, ఆచారం మరో గడువు పెడితే జాడ తెలియనివాడి ఇల్లాలు దేన్ని పట్టుకోవాలి?

బీచ్‌ రోడ్డులోని విక్టరీ ఎట్‌ సీ స్తూపం 1971 యుద్ధ విజయానికి గుర్తు. శాంతికాలంలో డ్యూటీకి వెళ్లి తిరిగిరాని సివిలియన్లకు వేరే గుర్తు ఉండాలి. రోజూ వేలమంది బస్సెక్కి దిగే ఎన్‌ఏడీ కొత్తరోడ్డుకు ఆ పేరు వచ్చిందే ఈ డిపో వల్ల. ఆ 8 పేర్లూ అక్కడే తెలుగులో చెక్కించాలి. పేర్ల కింద తేదీ, శకలాలు దొరికిన చోటు, లోతు రాయాలి. రాయి చెక్కే ముందు ప్రతి పేరూ, ఇంటిపేరుతో సహా, ఆ కుటుంబానికి చూపించి సరేననిపించుకోవాలి. ఏటా జులై 22న డిపో అధికారులు ఆ కుటుంబాలను పిలిచి, ఎవరికి ఏ కాగితం ఇంకా ఆగిపోయిందో అడిగి రాసుకోవాలి.