కుట్లు విప్పాక ఏమైందో లెక్క ఉందా?

ఆపరేషన్ బాగా జరిగిందని డాక్టరు చెప్పగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కోసిన చోట ఇన్ఫెక్షన్ వచ్చిందో లేదో మాత్రం ఆ రోజే తేలదు. మామూలుగా 30 రోజులు, మోకీలు మార్పిడి లాంటివాటికి 90 రోజులు కనిపెట్టి ఉండాలి. పేద, మధ్యాదాయ దేశాల్లో ఆపరేషన్ చేయించుకున్న ప్రతి 100 మందిలో 11 మందికి ఇన్ఫెక్షన్ సోకుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. ఇందులో చాలావరకు ఆపగలిగినదే.

ఆపాలంటే ముందు లెక్క తెలియాలి. చాలాచోట్ల ఆ భారమంతా ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు మీదే. కేస్ షీట్లు ఒక్కొక్కటే తిరగేయాలి, జ్వరం చార్టు చూడాలి, చీములో ఏ క్రిమి ఉందో ల్యాబ్‌లో తేల్చే కల్చర్ పరీక్ష రిపోర్టు వెతకాలి. అన్ని ఫైళ్లు చూస్తే దొరికే అసలు కేసులు కొన్నే. ఈ వడపోతను కంప్యూటర్‌కు అప్పగించాలన్నది మా అభిప్రాయం. కల్చర్‌కు పంపారా, యాంటీబయాటిక్ మళ్లీ మొదలుపెట్టారా, రోగిని తిరిగి థియేటర్‌కు తీసుకెళ్లారా, రెండోసారి అడ్మిట్ చేశారా? ఇవి రికార్డులో ఉంటే అనుమానం ఉన్న కేసులను సాఫ్ట్‌వేర్ పక్కకు తీసి పెడుతుంది. అది ఇన్ఫెక్షన్ అవునో కాదో మనిషే చూసి తేలుస్తారు. నెదర్లాండ్స్ ఆసుపత్రుల్లో తుంటి, మోకీలు మార్పిడి కేసులకు ఈ పద్ధతి వాడుకలో ఉంది.

మా టెన్షన్ అంతా రికార్డుకు ఎక్కని కేసుల గురించే. ఐదో రోజు డిశ్చార్జి అయిన మనిషికి పదో రోజు కట్టు తడిసి, కుట్ల చుట్టూ ఎర్రబడి నొప్పి మొదలవుతుంది. దగ్గర్లోని క్లినిక్‌లో చూపించుకుని మాత్రలు వేసుకుంటాడు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి కంప్యూటర్‌కు ఈ సంగతేదీ తెలియదు. కల్చర్లు సరిగా పంపని ఆసుపత్రి కూడా కాగితాల మీద శుభ్రంగానే కనిపిస్తుంది. అందుకే డిశ్చార్జి అయిన ప్రతి రోగికీ 30 రోజుల్లోపు ఫోన్ చేసి గాయం ఎలా ఉందో అడగడం, వీలైతే ఫొటో తెప్పించుకోవడం ఈ వ్యవస్థలో భాగం కావాలి. వచ్చిన అంకెలతో సర్జన్లను శిక్షించే పని పెట్టుకోకూడదు. భయపడితే కేసులు దాస్తారు.

సాఫ్ట్‌వేర్ వచ్చింది కదా అని నర్సు పోస్టు తీసేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ఫైళ్ల దగ్గర మిగిలిన గంటలు వార్డుకూ థియేటర్‌కూ దక్కాలి. యాంటీబయాటిక్ అవసరమైన ఆపరేషన్లలో కోతకు ముందు 120 నిమిషాల లోపే ఇచ్చారా, వెంట్రుకలు రేజర్‌తో గీకకుండా క్లిప్పర్‌తోనే తీశారా, చేతులు సరిగా కడుక్కున్నారా అని పక్కన నిలబడి చూడాల్సింది ఆ నర్సే.