అడగకుండానే తవ్వుతారా?

యురేనియం వంటి అణు ఖనిజాలు, లిథియం వంటి కీలక, వ్యూహాత్మక ఖనిజాల గనులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదంటూ కేంద్ర పర్యావరణ శాఖ 2025 సెప్టెంబరు 8న మెమో జారీ చేసింది. లీజు విస్తీర్ణం ఎంత తక్కువైనా అనుమతుల పరిశీలన ఢిల్లీలోనే జరుగుతుంది. నేల కింద ఖనిజం ఉన్న ఊరికి నోరు విప్పే హక్కు ఒక్క కాగితంతో పోయింది. ఈ మెమోను తక్షణం ఉపసంహరించుకోవాలి.

రక్షణ, అణు ఇంధన శాఖలు కోరినందువల్లే ఈ మినహాయింపు అంటున్నారు. 2025 ఏప్రిల్‌లో అరుదైన మృత్తికలు (రేర్ ఎర్త్ లోహాలు), వాటితో చేసే అయస్కాంతాల ఎగుమతిపై చైనా ఆంక్షలు పెట్టగానే మన వాహన పరిశ్రమ కలవరపడిన మాట నిజం. అవసరాన్ని మేం కాదనడం లేదు. కానీ 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయం కోసం జరిపే బహిరంగ విచారణ 45 రోజుల్లో ముగియాలి. గని తెరవడానికి ఏళ్లు పట్టే చోట ఆ నెలన్నర దేశ భద్రతకు అడ్డమా?

కడప జిల్లా తుమ్మలపల్లెను చూడండి. యురేనియం వ్యర్థాల చెరువు చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు ఎండుతున్నాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. గనికి సంబంధం లేదన్నది దాన్ని నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్ వాదన. ఎవరి మాట నిజమో తేల్చాలంటే తవ్వకానికి ముందు నీళ్లెలా ఉన్నాయో ఊరి సమక్షంలో నమోదై ఉండాలి. బహిరంగ విచారణ అందుకే కావాలి. వ్యర్థాలు ఎక్కడ పోస్తారు, వాగు ఎటు పారుతుంది, వానాకాలంలో కట్ట తెగితే ఏ చేను మునుగుతుంది అన్న ప్రశ్నలు అక్కడి రైతుకు తట్టినట్టు ఢిల్లీ నిపుణుల కమిటీకి తట్టవు.

తెలుగు నేలకు ఈ ముప్పు దూరంలో లేదు. అరుదైన మృత్తికలు, థోరియం ఉండే మోనజైట్ ఖనిజ నిల్వలు దేశంలోకెల్లా ఎక్కువగా ఆంధ్రప్రదేశ్ తీరపు ఇసుకలోనే ఉన్నాయి. ఆ దిబ్బలు తవ్వేస్తే ఉప్పెన వేళ మత్స్యకార పల్లెలకు అడ్డేది? నల్లమలలో యురేనియం అన్వేషణపై 2019లో చెంచులు, స్థానికులు ఎదురుతిరిగాకే తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. జనం గొంతు వినిపించకపోతే అదీ జరిగేది కాదు.

పాత బ్యాటరీలు, ఎలక్ట్రానిక్ చెత్త నుంచి ఈ ఖనిజాలు రాబట్టేందుకు రూ.1,500 కోట్ల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది, సరిగ్గా ఈ మెమోకు అయిదు రోజుల ముందు. ఆ పని ముందు జోరందుకోవాలి. ఉభయ తెలుగు ప్రభుత్వాలు మినహాయింపుపై తమ అభ్యంతరాన్ని రాతపూర్వకంగా తెలపాలి. తుమ్మలపల్లె పరిసర గ్రామాల బోర్ల నీటిని స్వతంత్ర సంస్థతో పరీక్ష చేయించి, ఫలితాలను పంచాయతీ కార్యాలయాల్లో తెలుగులో అతికించాలి.