నూట ముప్పై దాటిన పాలపళ్లు

శ్రీకాకుళాన్ని వెనుకబడిన జిల్లా అని రాసే పత్రికలవారు ఇకనైనా ఆ అలవాటు మానుకోవాలని మనవి. ఏడు రోడ్ల కూడలికి కూతవేటు దూరంలో ఒక ప్రైవేటు పాఠశాల కట్టించిన ఫ్లెక్సీని వారింకా చూసినట్టు లేదు. దాని మీద పదకొండు మంది ఎల్‌కేజీ పిల్లలు తలమీద నల్లటి పట్టభద్రుల టోపీలతో వరుసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి గడ్డం కింద ఒక్కొక్క అంకె ఉంది: 134, 138, 142. అవి ర్యాంకులని పొరబడకండి, ఐక్యూలు, అంటే తెలివిని కొలుస్తామనే పరీక్షలో వచ్చిన అంకెలు. ర్యాంకు రావాలంటే కనీసం పదో తరగతి దాకా ఆగాలి. అంత ఓపిక ఈ కాలంలో ఎవరికుంది? 142 గల బాలుడు ఫోటోలో ఏడుస్తున్నాడు.

ఐక్యూ లెక్క సగటు 100 వచ్చేలా, ప్రామాణిక విచలనం, అంటే సగటుకు అటూఇటూ అంకెలు ఎంతగా చెదిరి ఉంటాయో చెప్పే కొలత, 15 ఉండేలా కట్టినది కనుక, 130 దాటేవారు జనాభాలో నూటికి ఇద్దరు మాత్రమే ఉంటారు. అటువంటిది ఒక్క సెక్షన్‌లోనే పదకొండు మంది తేలారంటే నాగావళి నీటిలోనైనా మహిమ ఉండాలి, పరీక్ష పెట్టినవారి చేతిలోనైనా ఉండాలి. ఆ నీళ్లే తాగుతున్న మన నగరపాలక సంస్థ పనితీరును గమనించిన మీదట మొదటి ఊహను నేను విరమించుకున్నాను.

ఆ పరీక్ష జరిగే తీరును, బంధువుల పిల్లకు తోడుగా వెళ్లి, తెరిచి ఉన్న తలుపు పక్కన కూర్చుని చూశాను. వరండాలో తల్లులు గుసగుసలాడుతున్నారు. ఒక తండ్రి తన కొడుకు చెవిలో ‘ట్రయాంగిల్, రెక్టాంగిల్’ అని ఉపదేశిస్తున్నాడు. లోపల ఏసీ గదిలో, ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకున్న ఒక మేడమ్ ఎదుట పొందూరు నుంచి వచ్చిన నాలుగేళ్ల పిల్ల కాళ్లు నేలకు అందని కుర్చీలో కూర్చుంది. అట్ట మీద నాలుగు బొమ్మలు ఉన్నాయి: దువ్వెన, చేప ముల్లు, దూది, దారపు ఉండ. ‘విచ్ వన్ ఈజ్ డిఫరెంట్, బేబీ?’ అని మేడమ్ అడిగింది. పిల్ల ఆమె నోటివైపు చూసింది. ఆరేడు సెకన్లు గడిచాక అదే ప్రశ్న తెలుగులో వచ్చింది.

‘ఏదీ కాదు టీచర్. నాలుగూ మా మామ్మవే.’

‘చేప ముల్లు పారేస్తాం కదమ్మా?’

‘పారెయ్యకూడదు టీచర్. మామ్మ తిడతాది.’

పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఆ దూదితో నూరో కౌంటు నూలు (కౌంటు పెరిగినకొద్దీ దారం సన్నం) వడుకుతారని, ఆ సన్నని ఖద్దరుకు దేశమంతా పేరుందని జిల్లాలో అందరికీ తెలుసు. జవాబుల పుస్తకానికి మాత్రం తెలియదు. ఆ నాలుగు వస్తువులను ఒకే పనిలో కలిపి చూడగలిగినది ఆ గదిలో ఆ పిల్ల ఒక్కతే. మేడమ్ ఆమెకు సున్నా వేసి, స్టాప్‌వాచ్ నొక్కి, చిరునవ్వుతో తరువాతి అట్ట తీసింది. దాని మీద మంచుమనిషి బొమ్మ ఉంది. శ్రీకాకుళంలో, మే నెలలో!

ఈ పరీక్షలకు ఆద్యుడైన ఆల్ఫ్రెడ్ బినే 1905లో పారిస్‌లో థియోడర్ సైమన్‌తో కలిసి తన ప్రశ్నలు తయారు చేసినది ఫ్లెక్సీల కోసం కాదు. బడిలో వెనుకబడుతున్న పిల్లలను గుర్తించి, వారికి అదనంగా సాయం అందించడానికి. తెలివి పుట్టుకతో స్థిరపడిన, పెరగని సొత్తు అనే వాదాన్ని ఆయన 1909లోనే గట్టిగా ఖండించాడు. అమెరికాలో లూయిస్ టెర్మన్ 1916లో ఆ ప్రశ్నలను తిరగరాసి, 1921 నుంచి సుమారు 1,500 మంది మేధావి బాలలను ఏరి, జీవితాంతం వెంబడించాడు. ఆ జల్లెడలో నిలవక జారిపోయిన ఇద్దరు, విలియం షాక్లీ 1956లో, లూయిస్ అల్వారెజ్ 1968లో, భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఏరుకున్న పిల్లల్లో ఒక్కరికీ ఆ బహుమతి రాలేదు. ఈ సంగతి పాఠశాల యాజమాన్యానికి చెబితే, ‘మేము నోబెల్‌కు కోచింగ్ ఇవ్వడం లేదండీ’ అన్నారు. నిజాయితీపరులు.

నాలుగేళ్ల వయసులో వచ్చిన అంకె ఏడాది తిరిగేసరికి మారవచ్చు. ఆ రోజు పిల్లకు జ్వరమో నిద్రలేమో ఉన్నా పూటలోనే మారవచ్చు. ఇవన్నీ యాజమాన్యానికి తెలియవని నేను నమ్మను. అయినా ఆ అంకెను బట్టి ‘జీనియస్’ సెక్షన్, మామూలు సెక్షన్ అని పసివాళ్లను రెండు గదుల్లోకి తోలారు. మామూలు సెక్షన్‌కు ఫ్యాను ఒక్కటే. అయోడిన్ చాలకపోయినా, రక్తహీనత ఉన్నా పిల్లల మెదడు ఎదుగుదల కుంటుపడుతుందని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. అలాంటి పిల్లకు మీ పరీక్షలో తక్కువ అంకె వస్తే అది ఆమె తెలివికి కొలత కాదు, ఆమె కంచంలో మనం పెట్టని గుడ్డుకు కొలత. దాన్ని కాగితం మీద వేసి, ముద్ర కొట్టి, తల్లిదండ్రుల చేతికిచ్చి, పైగా రెండు వేలు రుసుము పుచ్చుకోవడానికి మీకు సిగ్గు లేదా? ఎన్నడూ ఎవరి పిల్లనూ ముద్దు చేయని మనుషులా మీరు?

నేను చూస్తుండగానే ఒక ఆటో డ్రైవరు ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, ఆఫీసు కిటికీ దగ్గరకు వెళ్లి, ‘88 అంట బాబూ, ఇది పెరుగుతాదా?’ అని అడిగాడు. గుమాస్తా తల కూడా ఎత్తకుండా ఒక కరపత్రం అందించాడు. తెలివి పుట్టుకతో వచ్చే దైవదత్తమైన వరమని దాని మొదటి పేజీలో ఉంది. రెండో పేజీలో, జూన్ 1 నుంచి నలభై రోజుల్లో దాన్ని 20 పాయింట్లు పెంచే కోర్సు, ముందుగా చేరినవారికి రుసుములో రాయితీ.