400 గ్రాముల వారి దివ్యసముఖానికి

మహారాజరాజశ్రీ 400 గ్రాముల వారికి, హైదరాబాదు నుంచి ఒక రోడ్‌బైకువాడు (పల్చటి టైర్ల వేగం సైకిలు తొక్కేవాడు) నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

తమరి చిరునామా చెప్పడం కొంచెం కష్టమే. మా బామ్మర్ది సైకిలుకి కంపెనీ బిగించి ఇచ్చిన అల్యూమినియం చక్రాల జత 1,950 గ్రాములు. వాడు మనసు పడ్డ జత 1,550. ఆ రెంటికీ మధ్య కాపురం ఉంటున్నది తమరు. తమరిని మోసినన్నాళ్లూ ఎవరూ పైసా అడగలేదు. దించుకుంటామంటే మాత్రం 32,000 రూపాయలు కట్టమంటున్నారు. అంటే గ్రాముకు 80 రూపాయలు. రోడ్‌బైకుల లోకంలో దీన్ని బడ్జెట్ అప్‌గ్రేడ్ అంటారు. కార్బన్ రిమ్ముల వైపు కన్నెత్తి చూస్తే ఈ అంకె రెండింతలు, మూడింతలు అవుతుంది, అప్పుడు దాన్ని పెట్టుబడి అంటారు.

మావాడు రాత్రి పదకొండు దాటాక తమరు లేని చక్రాల ఫోటోలు చూస్తూ కూర్చుంటాడు. కార్ట్‌లో వేస్తాడు, తీసేస్తాడు, మళ్లీ వేస్తాడు. పెళ్లి సంబంధాల ఫోటోలు పంపిస్తే మాత్రం తెరిచి కూడా చూడడని వాళ్ల అక్కయ్య, అంటే మా ఆవిడ, గోల.

"మామూలు బరువనుకుంటున్నావా బావా? తిరిగే బరువు. తిరిగే బరువంటే రెండింతల లెక్క!" అంటాడు.

ఇందులో నిజం లేకపోలేదు. రిమ్ము అంచున ఉన్న గ్రాము ముందుకీ పోవాలి, గుండ్రంగానూ తిరగాలి. అందుకని వేగం అందుకునేటప్పుడు అది రెండు గ్రాములంత పని పెడుతుంది. వేగం అందుకున్నాక ఆ పెత్తనం సాగదు. సరే, మావాడి మాట ప్రకారమే తమరిని 800 గ్రాములని రాసుకుందాం. వాడు 80 కిలోలు, సైకిలు 10 కిలోలు, మొత్తం 90. అందులో 800 గ్రాములంటే నూటికి ఒక వంతు కూడా కాదు. అదైనా సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ ఊపందుకునే ఆ కాసేపే. ఎత్తు ఎక్కేటప్పుడు ఈ రెండింతల మాటే రాదు. 90 కిలోల్లో 400 గ్రాములు, అర శాతం లోపు. ఇరవై నిమిషాలు పట్టే ఎక్కుడు ఉంటే ఐదు సెకన్లు కలిసొస్తాయి. అంత పొడుగు ఎక్కుడు జంటనగరాల్లో ఎక్కడుంది? ఉన్నవల్లా జూబ్లీహిల్స్‌లోవి. అక్కడ తమరు మిగిల్చిపెట్టేది ఒకటీ రెండూ సెకన్లు. వాటిని జేబులో వేసుకుని వెళ్లి చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు నిలబడాలి.

పైగా మావాడు 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు నిండుగా పెట్టుకుని గానీ గడప దాటడు. ఒకటి ఇంట్లో వదిలేయరా, తమరిలాంటివారు దాదాపు ఇద్దరు ఊరికే దిగిపోతారు అన్నాను. "దాహమేస్తేనో?" అన్నాడు. గండిపేట దాకా దారి పొడుగునా కొబ్బరిబోండాల బండ్లే కదా!

తమరి బరువు సంగతి తేల్చేద్దామని మావాడు ఈమధ్య ఒక ఆదివారం వెనక చక్రం ఊడదీసి, టైరూ ట్యూబూ క్యాసెట్టూ (వెనక గేర్ల పళ్ల చక్రాల కట్ట) విప్పేసి, వీధి చివరి కిరాణా కొట్టుకి పట్టుకెళ్లాడు. అక్కడ ఎలక్ట్రానిక్ కాటా ఉంది. సాక్షిగా నన్నూ తీసుకెళ్లాడు. షాపాయన కందిపప్పు సంచి పక్కకి జరిపి, చక్రాన్ని పళ్లెం మీద పడుకోబెట్టాడు. పళ్లెం చిన్నది, చక్రం పెద్దది. ఒక పక్కకి వాలిపోతోంది, వేలితో ఆపితే అంకె మారిపోతోంది. "వేలు తీయుండ్రి సార్" అంటాడాయన. తీస్తే చక్రం జారుతుంది. చివరికి ఖాళీ డబ్బా ఒకటి పళ్లెం మీద బోర్లించి, కాటాని సున్నాకి తెచ్చి, దాని మీద హబ్బు, అంటే చక్రం నడిమి బొడ్డు, ఆనేలా నిదానంగా పెట్టాడు. స్పోకుల సందుల్లోంచి ముగ్గురం వంగి చూశాం. 1,080.

"కొత్తది ఎంతుంటది సార్?"

"ఎనిమిది వందల అరవై" అన్నాడు మావాడు, కొడుకు ర్యాంకు చెప్పినట్టు.

"తక్కువ తూగేదానికి ఎక్కువ పైసలా?"

"అవును."

"మా దందాల గిట్ల చేస్తే తూనికలు కొలతలోళ్లు అచ్చి కేసు రాస్తరు సార్."

ఆయన సరదాకే అన్నాడు గానీ, తమరి పక్షం వాళ్ల మీద ఆ శాఖ ఒక కన్నేసినా తప్పులేదు. చక్రాల కంపెనీలు చాటుకునే బరువులో మామూలుగా రిమ్ టేపు ఉండదు, ట్యూబ్‌లెస్ వాల్వులు ఉండవు, చక్రాన్ని సైకిలుకి బిగించే ఇరుసులు ఉండవు. ఇవేవీ లేని చక్రం మీద ఎవరూ సైకిలు తొక్కలేరు. తమరిలో కొన్ని పదుల గ్రాములు అక్కడే వెనక్కి వచ్చి కూర్చుంటాయి.

ఇంతకంటే పెద్ద విషయం ఒకటి ఉంది. తమరు రిమ్ములోనే ఉన్నారని ఈ ఊళ్లో సైకిలు వాళ్లంతా నమ్ముతున్నారు. వెతికితే తమరిలో ముప్పావు వంతుకి పైగా టైర్లలో, ట్యూబుల్లోనే దొరికారు! మావాడి సైకిలుతో వచ్చిన టైరు ఉక్కు తీగ అంచుది, ఒక్కోటి 340 గ్రాములు. మడత పెట్టగలిగే మంచి టైరు 28 ఎం.ఎం. వెడల్పుదైనా 240 దగ్గర ఉంటుంది. మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబు 105, టీపీయూ అనే పల్చటి ప్లాస్టిక్ ట్యూబు 40. రెండు చక్రాలకీ కలిపి లెక్కేస్తే 330 గ్రాములు. అవి కూడా రిమ్ముకన్నా అంచున, మావాడు కళ్లకద్దుకునే ఆ తిరిగే బరువులోనే. మావాడికి వచ్చిన కొటేషన్ 13,000. మెత్తగా వంగే టైరు రోడ్డు మీద దొర్లేటప్పుడు వృథా చేసే శక్తి కూడా తక్కువ. నాసిరకం జత తీసి మంచి జత వేస్తే పది పదిహేను వాట్ల దాకా మిగలొచ్చు. 150 వాట్లు తొక్కడానికే ఆయాసపడే మాబోటివాళ్లకి అది తమరు కలలో కూడా ఇవ్వలేని వరం. టీపీయూతో ఒక పేచీ ఉంది. పంక్చరైతే రోడ్డు పక్క షాపులో సొల్యూషన్ రాసి అతికించడం కుదరదు, దాని ప్యాచీలు వేరే. శంకర్‌పల్లి వైపు తుమ్మముళ్ల దారుల్లో తిరిగేవాళ్లు ఒక మామూలు ట్యూబు కూడా దగ్గర ఉంచుకోవడం మంచిది.

అయితే టైరు కొంటే ఎవరికి కనిపిస్తుంది? కొత్త చక్రమైతే కాళ్లు ఆపగానే వెనక చక్రంలోని ఫ్రీహబ్బు కర్రుమని మోగుతుంది, నార్సింగిలో తొక్కడం ఆపితే కోకాపేటలో తలతిప్పి చూస్తారు. ఆ చప్పుడు విలువ ఎంతో గానీ 32,000లో దాని వాటా చిన్నది కాదని నా అనుమానం. ఇక 50 ఎం.ఎం. ఎత్తు రిమ్ముల ఘనత తమరి ఖాతాలో పడదు, అది గాలి ఖాతా. గంటకు 35 కిలోమీటర్లు దాటి తొక్కేవాళ్లకి అవి పనికొచ్చే మాట నిజం. జూన్, జూలైల్లో పడమటి గాలి అడ్డంగా కొట్టినప్పుడు ముందు చక్రాన్ని అవే పక్కకి లాగే మాటా నిజమే. గాలికి అసలు అడ్డం మనిషి ఒళ్లు. మోచేతులు కాస్త వంచి కూర్చోవడానికి ఇంకా ఎవరూ ధర పెట్టలేదు.

ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. 2023 అక్టోబరు 1న మొదలైంది. దాని మీద తమరు ఉన్నా లేకున్నా చక్రం హాయిగానే పోతుంది. ఇంటి నుంచి ఆ ట్రాక్ దాకా వెళ్లడమే అసలు పరీక్ష. తవ్వి పూడ్చిన కేబుల్ గుంటలు, రోడ్డుకన్నా రెండంగుళాలు లోతున్న మ్యాన్‌హోల్ మూతలు, వరసగా ఆరేసి రంబుల్ స్ట్రిప్పులు. ఇక్కడ కావలసింది వెడల్పు. రిమ్ము లోపలి వెడల్పు 19, 21 ఎం.ఎం. ఉంటే 28 టైరు కుదురుగా కూర్చుంటుంది, 100 పీఎస్‌ఐ కొట్టేవాడు 75కి దిగొచ్చు, మణికట్లు బతికిపోతాయి. ఫ్రేములో, బ్రేకులో అంత టైరుకి చోటుందో లేదో ముందే చూసుకోవాలి. లోపలి అంచుకి కొక్కెం లేని హుక్‌లెస్ రిమ్మయితే 5 బార్, అంటే 72 పీఎస్‌ఐ దాటకూడదు, టైరు కూడా దానికి సరిపడేదే వేయాలి. గాలి కొట్టే కుర్రాడికి ఇది ఎవరు వివరిస్తారో! ఇరుసు క్విక్ రిలీజా థ్రూ యాక్సిలా, డిస్కు బ్రేకు పళ్లెం బిగింపు సెంటర్‌లాకా ఆరు బోల్టులా, వెనక గేర్లు ఎన్ని, ఇవి సరిపోలకపోతే ఎంత తేలిక చక్రమైనా గోడకి తగిలించుకోవడానికే.

మెహదీపట్నం వైపు ఒక పాత మెకానిక్ ఉన్నాడు. మావాడు ఆయన దగ్గర సలహాకని పాత చక్రమే పెట్టాడు. ఆయన వెంటనే ఏమీ అనలేదు. స్పోకుల్ని రెండేసి చొప్పున వేళ్లతో నొక్కుకుంటూ చక్రం చుట్టూ వచ్చాడు. కొన్ని గట్టిగా ఉన్నాయి, నాలుగైదు మాత్రం వేళ్ల కింద మెత్తగా ఒంగాయి. చక్రాన్ని స్టాండుకెక్కించి తిప్పి, బ్రేకు రబ్బరు దగ్గర సందు ఎక్కడ తగ్గుతోందో చూసి, స్పోకు తాళంతో పావు చుట్టు, మళ్లీ పావు చుట్టు.

"చక్రం మంచిదే సార్. స్పోకుల టెన్షన్ పోయి ఔటయింది, వంకర తిరుగుతోంది. ముందు ఔట్ తీద్దాం, కొనేది తర్వాత చూద్దాం" అన్నాడు. కొత్తదాని ఫోటో చూపిస్తే బరువు అడగలేదు. "దీని స్పోకు తెగితే యాడ దొరుకుద్ది?" అన్నాడు.

తమరి వందిమాగధులు వెయ్యిమంది ఉన్నా ఈ ప్రశ్న అడిగినవాడు లేడు. తమరిని దించడానికి చాలా కంపెనీలు స్పోకుల లెక్క తగ్గిస్తాయి, ముందు 20, వెనక 24. కొన్ని సొంత నమూనా చదును స్పోకులు పెడతాయి. 32 స్పోకుల చక్రంలో ఒకటి తెగితే బ్రేకు కొంచెం వదులు చేసుకుని ఇంటికి రావచ్చు. 24లో ఒకటి తెగితే రిమ్ము అప్పటికప్పుడు పక్కకి తన్నేస్తుంది, ఫ్రేముకి రాసుకోవచ్చు కూడా. అది మొయినాబాద్ అవతల మర్రిచెట్ల కింద తెగిందంటే ఆటో కోసం చూడాలి. ఆ తర్వాత ఆ ఒక్క స్పోకు ఎక్కడి నుంచో వచ్చేదాకా 32,000 చక్రం బాల్కనీలో విశ్రాంతి తీసుకోవాలి. మంచి షిమానో హబ్బులు, వెడల్పాటి రిమ్ములు, ఎక్కడైనా దొరికే మామూలు వంపు స్పోకులు 28 వేసి అల్లించుకున్న జత తమరిలో సగాన్ని అలాగే మోస్తుంది, మోయనివ్వండి.

నాకు తమరి మీద కక్ష ఏమీ లేదు. తేలిక చక్రం మీద లేచి నిలబడి తొక్కితే సైకిలు చురుగ్గా ఉరికినట్టు అనిపిస్తుంది, ఆ ముచ్చట నాకూ తెలుసు. రిమ్ బ్రేకు సైకిలుకి రబ్బరు రాసీ రాసీ రిమ్ము పక్కలు లోపలికి గుంట పడతాయి. గోరుతో తడిమితే తెలుస్తుంది. అప్పుడు ఎలాగూ కొత్తవి కొనాలి. వెడల్పు, హబ్బు, స్పోకులు చూసుకుని కొంటే ఆ సందట్లో తమరూ సగమో ముప్పావో దిగిపోతారు, పిలవకుండానే. ప్రస్తుతానికి మావాడు టైర్లు వేయించాడు, ఔట్ తీయించాడు. కార్ట్ మాత్రం ఖాళీ చేయలేదు, దసరా ఆఫర్లు చూశాక అంటున్నాడు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరిని ఇంకా మోస్తూనే ఉన్న
ఒక బావ

తా.క.: బరువును బట్టి చార్జీ కదా, తమరు లేని చక్రాలు తెప్పిస్తే ఎంత తగ్గుతుందని కొరియర్ ఆఫీసులో అడిగాను. చక్రాల పెట్టెకి బరువు చూడరట, పెట్టె పొడుగూ వెడల్పూ ఎత్తూ కొలిచి వేస్తారట. తమరు ఉన్నా లేకున్నా ఒకటే రేటు.